తొలి సబ్బు ఆడబిడ్డకు

అమృతమ్మ ఆటో దిగేసరికి పిల్లవాడు ఏడ్చి ఏడ్చి సోలిపోయాడు.

సక్కుబాయికి ఆమె వియ్యపురాలు. రాజేంద్రనగర్ నుంచి శంషాబాద్‌కు ఎప్పుడు వచ్చినా ముందు ఫోన్ చేస్తుంది. చేతిలో పండ్ల సంచి ఉంటుంది. గేటు దగ్గరే నవ్వు మొదలవుతుంది. ఈసారి అవేమీ లేవు. బాలింత ఉన్న ఇల్లు కదా, కాళ్ళకు నీళ్ళు తెమ్మని సక్కుబాయి కోడలు అరుణను పురమాయించినా, అవి అందేలోపే ఆమె చెప్పులు విడిచి నడింట్లోకి వచ్చేసింది. నీళ్ళ చెంబు అరుణ చేతిలోనే ఉండిపోయింది.

అరుణ ఆ రాకను కొలుచుకుంది. ఆమె పుట్టింటివాళ్ళకు కొత్తూరులో కిరాణా దుకాణం. గల్లా పెట్టె పక్కన కూర్చుని పెరిగిన పిల్లకు, మనిషి మెట్టు ఎక్కే తీరు చూస్తేనే కొనడానికి వస్తున్నాడో, కొన్నది తిరిగి ముఖాన కొట్టడానికి వస్తున్నాడో తెలిసిపోతుంది. అమృతమ్మ కొనడానికి రాలేదు.

"ఏడి నా మనుమడు?"

మంచం మీద కూర్చున్న సక్కుబాయి కూతురు సరిత పిల్లవాడి మీది గుడ్డ తొలగించింది. మెడ మడతల్లో, చంకల్లో, తొడల సందుల్లో చర్మం ఎర్రగా కమిలి అక్కడక్కడా పొరలాగా లేచింది. దాని మీద దవాఖానలో రాసిన తెల్లటి మందు పిండి అద్దినట్టు అంటుకుని ఉంది.

అమృతమ్మ వంగి చూసింది. వేలితో ముట్టబోయి ఆగింది. చాలాసేపటిదాకా నడుము ఎత్తలేదు.

నిన్న సాయంత్రం అరుణ భర్త, క్యాబ్ నడిపే మల్లేశ్వర్, ఎయిర్‌పోర్ట్ లైన్‌లోంచి మధ్యలోనే బండి తీసుకొచ్చి, చెల్లెలినీ మేనల్లుణ్ణీ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ పిల్లవాణ్ణి తిప్పి చూసి, దేనితో స్నానం చేయించారని ఒక్క ప్రశ్న అడిగింది. ఇంట్లో చేసిన సబ్బుతో అని మల్లేశ్వర్ చెప్పాడు. ఆమె రెండో ప్రశ్న అడగలేదు. ప్రాణానికి భయం లేదనీ, మచ్చలు పోవడానికి సమయం పడుతుందనీ, అప్పటిదాకా ఉత్త నీళ్ళే పోయాలనీ చెప్పి మందు రాసిచ్చింది.

ఆ కబురు రాత్రికి రాత్రే రాజేంద్రనగర్ చేరింది. ఎవరు చేర్చారని ఎవరూ అడగలేదు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన కోడలి మీద, ఇంటి మొదటి మనుమడి మీద అమృతమ్మకు హక్కు ఉంది. ఆ హక్కును వెంటబెట్టుకుని వచ్చినట్టే ఆమె ఇప్పుడు మంచం పట్టె మీద కూర్చుంది.

"సబ్బు చేసిందెవరు వదినా?" అని సక్కుబాయిని అడిగింది. ఎవరు చేశారో ఆమెకు తెలుసు. అరుణ వైపు చూడకుండా అడగడంలోనే జవాబు ఉంది.

సక్కుబాయి కొంగుతో ముఖం తుడుచుకుని, ఎండలు ముదిరాయనీ, చెమటకాయలు పేలి ఉంటాయనీ, సరిత తిన్న కోడికూర పాలల్లోకి వేడి చేసి ఉంటుందనీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఈ ఇంట్లో తాను ముగ్గురిని కని పెంచాననీ, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పసిపిల్లలకు నీళ్ళు పోయడం తనకు ఎవరూ నేర్పనక్కరలేదనీ అంది.

"నీ చేతిని నేనేమంటలేను," అంది అమృతమ్మ. "నీ చేతిలున్న దాని సంగతి అడుగుతున్న."

సరిగ్గా అప్పుడే పైనుంచి విమానం పోయింది. ఆ ఊళ్ళో జగడాలకు కూడా మధ్యలో అలవాటుగా వచ్చే ఖాళీ ఒకటి ఉంటుంది. దాని చప్పుడు కప్పు మీద నుంచి దాటిపోయేదాకా అందరూ నోళ్ళు మూసుకుని ఉండాలి. కోపం మాత్రం ఆగదు, లోపలే పొంగుతుంది.

ఆ ఖాళీలో అరుణ అత్త ముఖం చూసింది. సక్కుబాయి చూపు పెరటి తలుపు మీదికి పోయి, వెంటనే వెనక్కి వచ్చింది.

*

పెరట్లో కొట్టం ఉంది. పొలం విమానాశ్రయం కిందికి పోయాక బర్రెలకు మేత కరువై అమ్మేశారు. కొట్టం ఖాళీ అయింది. దాన్ని ఎవరికైనా కిరాయికి ఇద్దామని మల్లేశ్వర్ అనుకుంటుండగా అరుణ అడిగింది. రాజేంద్రనగర్‌లో ఆడవాళ్ళకు సబ్బులు చేయడం నేర్పుతున్నారని తెలిసి పోయి నేర్చుకుని వచ్చింది అప్పటికే. తన బంగారంలో ఒక గొలుసు ఇచ్చి నూనె, అచ్చులు, చెక్క అరలు కొంది.

ఈ ఇంట్లో బియ్యం డబ్బా అత్తది. బీరువా భర్తది. మొదటి మాట ఆడబిడ్డది. కొట్టం ఒక్కటే అరుణది. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంటే, వేపాకు, కొబ్బరినూనె కలిసిన వాసనలో తన బరువు ఆమెకు తెలిసేది.

సబ్బు పుట్టిన రోజున సబ్బు కాదు. నూనెలో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి కలిపి, అచ్చులో గడ్డకట్టించి, ముక్కలు కోశాక నెలకు పైగా అరల మీద ఆరాలి. అప్పటిదాకా దానిలో ఒళ్ళు కాల్చే సోడా కారం ఉంటుంది. చిటికెడు నాలుక చివర పెట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆ చురుకు పోతేనే ఒంటికి పెట్టుకోవాలి. అరుణ ప్రతి అరనూ నాలుకతోనే పరీక్ష చేసేది.

ఆరే కొద్దీ సబ్బు పరిమాణం తగ్గుతుంది. అంచులు ముడుచుకుంటాయి, పసుపు రంగు వెలిసిపోతుంది. చూడడానికి ముసలి ముఖంలా ఉంటుంది. అదే మంచి సబ్బు. నిన్నగాక మొన్న కోసిన పచ్చి ముక్క మాత్రం నున్నగా, నిండుగా, బంగారు రంగులో మెరుస్తుంది. సరుకు సంగతి తెలియనివాళ్ళ చెయ్యి ఎప్పుడూ దాని మీదికే పోతుంది.

ఈ పొద్దున అరుణ కొట్టంలోకి పోయి చూసింది. ముందు వరుసలోని ఆరిన సబ్బులు ఒక్కటీ కదలలేదు. వెనక వరుస మీద కప్పిన గుడ్డ ఒక మూల మడత పడి ఉంది. పచ్చి ముక్కల్లో ఒకటి లేదు. అన్నిటికంటే అందంగా వచ్చిన ముక్క.

ఎవరు తీశారో ఆమె వెతకనక్కరలేదు. ఈ ఇంట్లో కొత్తది ఏది వచ్చినా తొలి ముక్క ఆడబిడ్డకు ముట్టాలి. తొలి పంట కందులైనా, కొత్త చీరల కట్టలో మొదటి చీరైనా అంతే. ఆడబిడ్డ తీసుకోనిది గడప దాటదు. అరుణ సబ్బులు ఎవరో బయటివాళ్ళకు పోతున్నాయని తెలిశాక సక్కుబాయికి నిద్ర పట్టి ఉండదు. బిడ్డ ఇంట్లో ఉండగా తొలి సరుకు పరాయివాళ్ళకు పోవడమేమిటని అనుకుని ఉంటుంది. బిడ్డకు ఇచ్చేది ముడుచుకుపోయిన ముక్క ఎందుకు, మంచిది ఏరి ఇద్దామనుకుని గుడ్డ ఎత్తి ఉంటుంది.

ప్రేమతోనే ఎత్తింది. ఆ సంగతి అరుణకు తెలుసు. అందుకే కోపం కూడా సరిగ్గా రాలేదు.

ఇంకో సంగతి కూడా తెలుసు. కొట్టం అడిగిన రోజున అందులో ఏం కలుపుతావని సక్కుబాయి అడిగింది. కాస్టిక్ సోడా పేరు చెబితే మోరీలు కడిగే మందా అని అత్త మొదట్లోనే తలుపు వేసేస్తుంది. అరుణ ఆ మాట చెప్పకుండా మిగుల్చుకుంది. "కొబ్బరినూనె, పసుపు, వేపాకు అత్తమ్మా. మన సున్నిపిండి లెక్కనే, జర గట్టిగ చేస్తం," అంది. అప్పుడు అది చౌకైన మాట. కాస్టిక్ సోడా మల్లేశ్వర్ కాటేదాన్ నుంచి తెచ్చి ఇస్తే, బాత్రూం కడిగే సామాన్ల వెనక దాచేది.

కాబట్టి ఇప్పుడు తూకం ఇలా ఉంది. అత్త అడగకుండా తీసింది. కోడలు అడిగినా చెప్పలేదు. ఒక తట్టలో ఒకటి, ఇంకో తట్టలో ఇంకొకటి. ఏ సంగతి ఎత్తినా రెండోది కూడా లేచి కూర్చుంటుంది.

అరుణ కొట్టానికి తాళం వేసి, తాళపుచెవి కొంగున ముడివేసుకుంది.

*

నడింట్లో గొంతులు పెరుగుతుండగా నడుమున దోపుకున్న ఫోన్ మోగింది. అరుణ పెరట్లోకి పోయి ఎత్తింది.

మాధవీలత. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద గెస్ట్‌హౌస్ నడుపుతుంది. రాజమండ్రి వైపు మనిషి, మాటకూ మాటకూ మధ్య చక్కగా దూరం పెట్టి మాట్లాడుతుంది. ఎల్లుండి పెద్ద బృందం ఒకటి దిగుతోందనీ, గదులన్నిటిలో ఈ సబ్బులే పెడతామనీ, రేపు సాయంత్రానికి అందేలా చూడమనీ అంది.

"ఇంకో మాట అరుణగారూ. మీరు మొదటిసారి వచ్చినప్పుడు చెప్పారు చూడండి, మా ఇంట్లో పసిపిల్లలకు కూడా ఇదే వాడుకోవచ్చని. ఆ మాట నాకు చాలా నచ్చింది. సబ్బు పక్కన పెట్టే చిన్న కార్డు మీద అదే అచ్చు వేయించాను."

అరుణకు గుర్తుంది. ఆ మాట తాను అన్నదే. ఆరిన సబ్బుకు అది అబద్ధం కాదు. కొత్త కొనుగోలుదారు ముందు కూర్చున్నప్పుడు నోట్లోంచి ఒక మాట ఎక్కువ జారుతుంది, దాని విలువ అప్పుడు తెలియదు.

"ఆ కార్డులు జర ఆపుతారా మేడమ్?"

"ఎందుకండీ? ఏమైనా ఇబ్బందా?"

లోపల నుంచి పిల్లవాడు మళ్ళీ అందుకున్నాడు. ఆ ఏడుపు ఫోన్లోంచి అవతలికి పోయి ఉంటుంది. మాధవీలత గొంతు మెత్తబడింది. "ఓ, బాబు ఉన్నాడన్నమాట ఇంట్లో. వెళ్ళండి, వెళ్ళండి. రేపు మాట్లాడదాం," అని పెట్టేసింది.

వెనక్కి తిరిగితే మల్లేశ్వర్. తెల్లటి యూనిఫాం చొక్కా విప్పకుండానే కొట్టం గోడకు ఆనుకుని ఉన్నాడు. పొద్దుటి ట్రిప్పు దించి నేరుగా వచ్చాడు. అతను ఎప్పుడూ గొంతు పెంచడు. గొంతు పెంచని మనుషుల దగ్గర బేరం కష్టం.

"అత్తకు ఏం చెప్తున్నవ్?" అని అడిగాడు. అత్త అంటే అమృతమ్మ.

"ఉన్నది చెప్తా. కాస్టిక్ సోడా ఉంటదని, ఆరకముందు ముట్టొద్దని."

"చెప్తే ఏమైతది?"

"నా దిక్కుకెళ్ళి నిజమైతది."

"అది కాదు. ఆరకముందు ఎవరు ఇచ్చిన్రు అని అడుగుతది. అప్పుడేం చెప్తవ్?"

 మల్లేశ్వర్ కొట్టం తాళం వైపు చూసి, చూపు దించుకున్నాడు. అతనికి కూడా తెలుసని అప్పుడు అర్థమైంది ఆమెకు. దవాఖాన నుంచి వచ్చేటప్పుడు బండిలో చెల్లెలు చెప్పి ఉంటుంది. చెప్పింది విని, రాత్రంతా పక్కన పడుకుని, ఒక్క ముక్క కూడా అనలేదు.

"అమ్మ పేరు రావొద్దు," అన్నాడు. "వియ్యపురాలి ముందట ఆమె తల దించుకుంటే ఇగ సరిత ఆడ ఎట్ల బతుకుతది? పుట్టింటోళ్ళు చేతగానోళ్ళని రోజూ పొడుస్తరు."

"మరి నా పేరు వస్తే?"

"నీ సబ్బే గదా అది," అన్నాడు. తప్పు పడుతున్నట్టు కాదు, రసీదు చదివినట్టు అన్నాడు.

ఆ కాస్టిక్ సోడా కాటేదాన్ దుకాణంలో తన చేత్తో కొన్నది అతనే. ఆ మాట అరుణ నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి తీసుకుంది. భర్తకు గుర్తుచెయ్యాల్సి వచ్చిన సంగతికి విలువ ఉండదు.

*

వాళ్ళిద్దరూ లోపలికి వచ్చేసరికి అమృతమ్మ సరిత బట్టల సంచి మంచం కింద నుంచి బయటికి లాగి పెట్టింది. పిల్లవాడి గుడ్డలు మడుస్తోంది. సక్కుబాయి ఒక్కో గుడ్డా తిరిగి విప్పుతోంది. ఒకరు మడవడం, ఇంకొకరు విప్పడం, ఇద్దరూ మాట్లాడకపోవడం. మధ్యలో సరిత పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని నేలను చూస్తోంది.

మూడో నెల రాకుండా బాలింతను పంపితే ఊళ్ళో ఏమనుకుంటారని సక్కుబాయి చివరికి బతిమాలింది. ఏమనుకుంటారో అది ఇప్పటికే అనుకుంటున్నారని అమృతమ్మ అంది. కోడలి కడుపు పండిన నాటి నుంచి ఏ దేవుడికి ఏ మొక్కు మొక్కిందో, ఎన్ని శనివారాలు ఒంటిపూట ఉందో చెప్పింది. పిల్లవాణ్ణి మీ ఇంటి మీద నమ్మకంతో ఇక్కడ ఉంచానని చెప్పింది. ఆ నమ్మకానికి తనకు దక్కింది ఇది అని, పిల్లవాడి మెడను చూపించింది.

తరువాత మడతలు ఆపి మల్లేశ్వర్ వైపు తిరిగింది.

"బిడ్డా, నేను పంచాయితి పెట్టనీకి రాలే. ఒక్కటే అడుగుతున్న. దోషం ఆ సబ్బుల ఉంటే, ఇయ్యాల్నే ఆ కొట్టం మూసెయ్యాలె. మల్ల నా మనుమడు అడుగుపెట్టే ఇంట్ల ఆ పని ఉండొద్దు. దోషం ఇచ్చిన చేతిల ఉంటే, ఆ చెయ్యి ఎవరిదో నా ముందట ఒప్పుకోవాలె. రెండిట్ల ఏదో తేల్చుండ్రి. లేకుంటే నా కోడలిని తీస్కపోత."

గట్టి మనిషి అనుకుంది అరుణ. బేరాన్ని రెండు ధరలకు కుదించేసింది. మూడో ధర లేదు.

అప్పుడు సక్కుబాయి లేచింది. ఆమె ముఖంలో ఏదో తెగింపు కనబడింది. ఒక్క క్షణం అరుణకు ఆశ పుట్టింది, నేనే ఇచ్చాను అంటుందేమోనని.

"సబ్బుల దోషం లేదు వదినా," అంది సక్కుబాయి. "నా కోడలు వచ్చి ఇన్నేండ్లాయె, నాకు అబద్ధం చెప్పలే. అండ్ల కొబ్బరినూనె, పసుపు, వేపాకు తప్ప ఏం లేదు. నువ్వు నమ్మకుంటే పిల్లగాని నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్తది. రా అరుణా."



ఈ ఇంటికి కోడలై వచ్చాక అత్త తనను నలుగురిలో మెచ్చుకోవడం అరుణ వినడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట ఇది. దానికి తాను కట్టవలసింది పసిపిల్లవాడి తల మీద ఒక అబద్ధం.

"రా," అంది సక్కుబాయి మళ్ళీ. గొంతులో గర్వం ఉంది. కోడలు ఆలస్యం చేసే కొద్దీ ఆ గర్వం సన్నగిల్లడం అరుణ కళ్ళారా చూసింది.

అరుణ పిల్లవాడి దగ్గరికి పోలేదు. బాత్రూంలోకి పోయి, ఫినాయిల్ సీసాల వెనక ఉన్న డబ్బా తెచ్చి నడింట్లో పెట్టింది. మూత తియ్యలేదు.

"ఇది కూడా ఉంటది అత్తమ్మా. కాస్టిక్ సోడా. ఇది లేకుండ ఏ సబ్బూ కాదు, దుకాణంల సబ్బుల కూడా ఇదే. నెల దాటి ఆరితే దీని కారం పోతది, పసిపిల్లలకైనా పెట్టొచ్చు. పిల్లగానికి రాసింది ఆరలే. పచ్చిది."

సక్కుబాయి డబ్బాను చూసింది. కోడలిని చూసింది. "నాకు చెప్పలే నువ్వు," అంది మెల్లగా.

"చెప్పలే. చెప్తే కొట్టం ఇయ్యవని చెప్పలే."

ఈ మాటతో తన తట్ట ఖాళీ చేసేసింది అరుణ. దాచుకున్నది ఏదీ మిగల్లేదు. ఇప్పుడు రెండో తట్ట వంతు. దానిని ఆమె ముట్టదలచుకోలేదు. ముట్టవలసిన మనిషి ఎదురుగానే ఉంది.

అమృతమ్మ డబ్బా చుట్టూ ఒకసారి చూసింది, పామును చూసినట్టు. కానీ ఆమె బుర్ర మాత్రం ఆగలేదు. "అంటే ఆరినయి వేరే ఉన్నయి. పచ్చివి వేరే ఉన్నయి. నీకు తెలిసి నువ్వు పచ్చిది ఇయ్యవ్," అంది అరుణతో. "మరి ఎవరిచ్చిన్రు?"

సక్కుబాయి మంచం మీద గుడ్డ ఒకటి తీసి మడవడం మొదలుపెట్టింది. ఇందాక విప్పిన గుడ్డనే. అంచుకు అంచు కలిపి, నలిగిన చోట అరచేత్తో సాపు చేసి, మళ్ళీ అంచుకు అంచు కలిపి. 

అరుణ ఎదురుచూసింది. దుకాణంలో తండ్రి నేర్పింది ఇదే, ధర చెప్పాక నోరు మూసుకోవాలి, ముందు మాట్లాడినవాడు నష్టపోతాడు. కానీ ఆ పాఠం బయటివాళ్ళతో బేరానికి. ఒకే కప్పు కింద ఉండేవాళ్ళలో మాట్లాడనివాళ్ళకే ఎప్పుడూ నష్టం మిగులుతుంది.

"నేనిచ్చిన అత్తా," అన్నాడు మల్లేశ్వర్.

అందరూ తిరిగి చూశారు.

"కొట్టంలకు పోయి నేనే తీసిన. మంచిగ కనవడ్డది తెచ్చి సరితకు ఇచ్చిన. ఆరిందా లేదా చూడలే. నాదే తప్పు."

పిల్లవాడికి ఆ సబ్బు రాసిన రోజు అరుణకు తెలుసు. ఆ పొద్దున అతను కొట్టం వైపే రాలేదు, చీకటితోనే బండి తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కు పోయాడు. అబద్ధమే. అయినా ఆమె మనసు దాని లాభనష్టాలు చూడకుండా ఊరుకోలేదు. మగవాడి పరాకు అంటే లోకం సాయంత్రానికి క్షమిస్తుంది. అత్త తల దించుకోనక్కరలేదు. దోషం సబ్బులో లేదని తేలుతుంది. కొట్టం నిలబడుతుంది. రేపు మాధవీలతకు సరుకు పోతుంది. ఇంత చవకగా ఇన్ని దక్కే బేరం ఆమె జీవితంలో చూడలేదు.

అమృతమ్మ అతని ముఖంలోకి తేరిపార చూసింది. మనుమడి తల మీదికి కళ్ళు తిప్పింది.

"అయితే నువ్వు పెట్టు చెయ్యి," అంది. "పిల్లగాని నెత్తి మీద చెయ్యి పెట్టి నేనే ఇచ్చిన అను. నేను ఈ సంచి ఈడనే పెట్టి పోత."

మల్లేశ్వర్ పెదవులు తడుపుకున్నాడు. ఒక అడుగు వేశాడు. చెల్లెలి ఒళ్ళో పిల్లవాడు నోట్లో పిడికిలి పెట్టుకుని మామను చూస్తున్నాడు. రెండో అడుగు వేసి చెయ్యి ఎత్తాడు.

అరుణ అతని మణికట్టు పట్టుకుంది.

"వద్దు."

ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు. లెక్క ప్రకారం పట్టుకోకూడదు. చెయ్యి మాత్రం వదలలేదు.

"ఎందుకు వద్దు?" అంది అమృతమ్మ.

 ఎందుకో చెబితే అత్త పేరు చెప్పినట్టే. అతని చెయ్యి వదిలితే అబద్ధానికి తాను కూడా చెయ్యి వేసినట్టే. భర్త మణికట్టులో నాడి తన వేళ్ళకు కొట్టుకుంటోంది. అతను విడిపించుకోవడానికి కూడా ప్రయత్నించడం లేదు.

సక్కుబాయి మడిచిన గుడ్డను మంచం మీద పెట్టింది. లేచి, కొడుకునూ కోడలినీ దాటి వచ్చి, వంగి, తన అరచేతిని పిల్లవాడి నెత్తి మీద ఉంచింది. ఆ చిన్న తల ఆ చేతి కింద పూర్తిగా కనబడకుండా పోయింది.

"నా కొడుకుకు ఏం తెల్వదు," అంది. "ఇచ్చింది నేను."

అరుణ గుండెల్లో బరువు దిగబోయింది.

"కోడలు ఇయ్యమంటెనే ఇచ్చిన."

చెయ్యి తీసేసింది. వెనక్కి పోయి గోడకు చేరగిలబడి కూర్చుంది. ఎవరి వైపూ చూడలేదు.

కాదు అనబోయి అరుణ ఆగింది.  వెతుక్కుంది, గడిచిన వారాన్నంతా గిర్రున తిప్పి వెతుక్కుంది. తాను ఆరిన సబ్బులకు కాగితం చుడుతుండగా అత్త కొట్టం తలుపు దగ్గరికి వచ్చి నిలబడిన మాట నిజమే. ఆడిబిడ్డకు ముట్టాలె గదా అని ఏదో అన్నట్టూ గుర్తు. అప్పుడు ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఉంది, అవతల మాధవీలత ధర తగ్గించమంటోంది. తాను తల ఊపింది. ఊపిందా? ఊపితే, ఫోన్లోని మాటకా, తలుపు దగ్గరి మాటకా? ఆరినవాటిలోంచి ఇద్దామని కదా తన మనసులో. ఆ మనసులో మాట ఎవరికి తెలుసు?

ప్రమాణంలో నూలుపోగంత నిజం ఉంది. అంత చాలు, ఆమె మెడకు చుట్టుకోవడానికి.

"నువ్వేనా ఇయ్యమన్నది?" అని అమృతమ్మ అడిగింది. ఈసారి సూటిగా అరుణనే చూస్తూ.

కాదు అనడానికి ఒక్క మాట. ఆ మాట అంటే, అమ్మమ్మ మనుమడి తల మీద చెయ్యి పెట్టి అబద్ధమాడిందని తల్లి ముందు చెప్పడం. ఒళ్ళు కమిలిన ఆ పిల్లవాడికి రేపు జ్వరం వచ్చినా, నెల తరువాత దగ్గు వచ్చినా, ఆ అబద్ధమే తగిలిందని ఈ ఇంట్లో అందరూ నమ్ముతారు. సక్కుబాయి అందరికంటే ముందు నమ్ముతుంది. నమ్మి, చనిపోయేదాకా తనను తాను క్షమించుకోదు.

అవును అంటే కొట్టం పోతుంది.

భర్త మణికట్టు ఆమె వేళ్ళలోంచి ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. అతను తలుపు చట్రానికి ఆనుకుని, తన చెయ్యి తనదో కాదో అన్నట్టు చూసుకుంటున్నాడు. ఎవరూ ఎవరికీ సాయం రారు ఈ ఇంట్లో. ఒకరిని ఒకరు కాపాడబోయి గోడలు మాత్రం దగ్గరికి జరిపేశారు.

మంచం మీద కదలిక. సరిత పక్కనున్న నీళ్ళ గ్లాసులో కొంగు చివర ముంచి, పిండి, పిల్లవాడి తల తుడవడం మొదలుపెట్టింది. తల్లి చెయ్యి ఆనిన చోటనే. ఒకసారి తుడిచి ఆగలేదు. మళ్ళీ ముంచింది, మళ్ళీ తుడిచింది. సబ్బు తన చేతికి వచ్చిన క్షణాన ఆ గదిలో ఉన్నది ఆమె, సక్కుబాయి, ఇద్దరే; వదిన పేరు అప్పుడు ఎవరూ ఎత్తలేదు.

గోడ దగ్గర సక్కుబాయి అది చూసి కళ్ళు మూసుకుంది.

తుడవడం అయ్యాక సరిత తల ఎత్తింది. తల్లిని చూడలేదు. అత్తను చూడలేదు. పొద్దుటి నుంచి ఆమె నోరు విప్పింది అప్పుడే.

"వదినా, ఆ కొట్టం తాళపుచెవి నాకియ్యి."

మూసెయ్యడానికా, నిలబెట్టడానికా, ఆ గొంతులో ఏదీ దొరకలేదు. ఒళ్ళో పిల్లవాణ్ణి ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాచి ఉంచింది. అరుణ కొంగు ముడి విప్పసాగింది. తొందరలో ముడి ఇంకా బిగుసుకుంది.